గడ్డిలో పడుకున్నందుకు

కపిలతీర్థంలో కొండ మీంచి నీళ్లు జోరుగా దూకుతున్న కార్తీకమాసంలో నాకు జ్వరం మొదలైంది. మొదటి రోజు దాన్ని జ్వరం అనుకోలేదు, సర్వర్ మీద కోపం అనుకున్నాను. తల పగిలిపోతోంది, కళ్ల వెనకాల ఎవరో నొక్కుతున్నట్టుంది. మూడు రోజులుగా సర్వర్‌లో నడుస్తున్న లెక్కల జాబ్ డిస్క్ నిండిపోయి ఆగిపోయింది మరి. అలాంటి రోజున ఎవరికైనా తల నొప్పి వస్తుంది.

నాది బయోఇన్ఫర్మాటిక్స్, అంటే కంప్యూటర్‌తో డీఎన్‌ఏ చదివే పని. తిరుపతి శివార్లలో ఒక ల్యాబ్‌లో వేరుశనగ జీనోమ్ మీద, అంటే దాని మొత్తం డీఎన్‌ఏ మీద పని చేస్తాను. మా అమ్మ ఇదంతా కుదించి "మా పాప చెనక్కాయల డాక్టరు" అని చుట్టాలకు చెప్పేస్తుంది. చెనక్కాయతో వచ్చే తిప్పలేమిటంటే దాంట్లో ఉన్నది ఒక జీనోమ్ కాదు, రెండు. కొన్ని వేల ఏళ్ల కిందట రెండు అడవి జాతులు కలిసి పుట్టిన మొక్క అది. ఇద్దరి జీనోములూ అలాగే మిగిలిపోయాయి, కవలపిల్లల్లా. రెండూ కలిపి దాదాపు 250 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలు. డీఎన్‌ఏ చదివే మెషిన్ మాకిచ్చేది 150 అక్షరాల ముక్కలు. ఏ ముక్క ఏ కవలదో తేల్చడమే నా జీతం.

ఇది కష్టమే కానీ చిరాకు కాదు. చిరాకంతా వేరే చోట. ఒక ఫైలు అక్షరాల్ని సున్నా నుంచి లెక్కపెడుతుంది, ఇంకోటి ఒకటి నుంచి. ఆ ఒక్క అక్షరం తేడా పట్టుకోడానికి ఒక పూట పోతుంది. మనుషుల డేటా చేసే స్నేహితురాలి బాధ ఇంకోటి: మార్చ్1 అనే జన్యువు పేరును ఎక్సెల్ మార్చి ఒకటో తేదీగా మార్చేసేది. 2020లో పేర్లు మార్చుకోవాల్సి వచ్చింది ఎక్సెల్ కాదు, జన్యువులే! అన్నిటికంటే పెద్ద చిరాకు, "చిన్న పనే మేడమ్, సాయంత్రానికి ఇచ్చేయండి" అని వచ్చే శాంపిళ్లు. ఏ చేను, ఏ తేదీ, నీళ్లు పెట్టిన మొక్కా, నీళ్లు ఆపేసిన మొక్కా అని అడిగితే "ఆకే కదా మేడమ్" అంటారు. ఫైలు పేరు "ఫైనల్ కొత్తది 2".

ఈ గోల మర్చిపోడానికి నాకున్నది సీతాకోకచిలకలు. శనివారం మధ్యాహ్నం స్కూటీ తీసుకుని కల్యాణి డ్యామ్ వైపు పోతాను. గ్రాస్ జ్యువెల్ అని ఒకటుంది, రెక్కలు విప్పినా చిటికెనవేలి గోరు కన్నా కాస్త పెద్దది, అంతే. నేలకు జానెడు ఎత్తులోనే ఎగురుతుంది. దాన్ని ఫోటో తియ్యాలంటే గడ్డిలో బోర్లా పడుకోవాలి. పడుకున్నాను. గంటసేపు. అద్భుతమైన ఫోటోలు వచ్చాయి. రాత్రికి జాబితాలో పేరు, తేదీ, టైము ఎక్కించుకున్నాను.

మూడో రోజుకు జ్వరం 103. వీధి చివర క్లినిక్‌లో డెంగీ లేదన్నారు, టైఫాయిడ్ కావచ్చన్నారు, మాత్రలిచ్చారు. ఐదో రోజుకు ప్లేట్‌లెట్లు 90 వేలకు పడిపోయాయి. ఇక ఇల్లంతా ప్లేట్‌లెట్ల మీద పడింది. చిన్నమ్మ బొప్పాయి ఆకు రసం పట్టుకొచ్చింది. ఆ చేదు ఇప్పుడు తలచుకున్నా నాలుక ముడుచుకుంటుంది. ప్లేట్‌లెట్లు మాత్రం ఆ రసాన్ని పట్టించుకోలేదు. రోజూ రక్తం తియ్యడం, రిపోర్టు వాట్సాప్‌లో పెట్టడం, బంధువులందరూ ఆ అంకె మీద చర్చ. నన్ను చూసినవాళ్ల కంటే రిపోర్టు చూసినవాళ్లే ఎక్కువ.

ఏడో రోజు పొడిదగ్గు మొదలై ఆయాసం వచ్చింది. పెద్దాసుపత్రిలో చేర్చారు. రౌండ్స్‌కు వచ్చిన పెద్దావిడ ఫైలు పక్కన పెట్టి, మంచం అంచున కూర్చుంది. "రెండు మూడు వారాలుగా యాడ తిరిగినావమ్మా? చేన్లో, అడవిలో, గడ్డిలో కూచున్నావా?" అంది.

నాకు ఆ జ్వరంలోనూ నవ్వొచ్చింది. నేను అందరినీ అడిగి విసిగిపోయే ప్రశ్న అది. ఫోన్ తీసి ఫోటో చూపించాను. తేదీ, టైము అన్నీ ఉన్నాయి, సరిగ్గా 11 రోజులకు జ్వరం.

ఆవిడ నర్సును పిలిచి కర్టెన్ వేయించింది. చంకలు, చెవుల వెనక, నడుము, ఒక్కోచోటా టార్చి వేసి చూశారు. నాడా కట్టుకునే చోట, ఎడమవైపు, దొరికింది. కందిగింజంత నల్లటి పక్కు, చుట్టూ ఎర్రటి అంచు, సిగరెట్‌తో కాల్చినట్టు. నొప్పి లేదు, దురద లేదు. నాలుగు రోజుల ముందు స్నానం చేస్తూ నేనే చూశాను దాన్ని. నాడా ఒరుసుకుందనుకుని వదిలేశాను.

స్క్రబ్ టైఫస్ అన్నారు. గడ్డిలో ఉండే మైట్ అనే పురుగు పిల్లలు కుడితే వస్తుంది. కంటికి ఆననంత చిన్నవి, బట్ట బిగుతుగా ఉన్నచోట పట్టుకుంటాయట. రక్తపరీక్ష రిపోర్టు రాకముందే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు, 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు. మాత్ర వేసుకోగానే పడుకోవద్దు, గొంతులో ఇరుక్కుంటే పుండు పడుతుంది అని నర్సు ఎదురుగా నిలబడి గ్లాసు నీళ్లు తాగించేది. రెండో రోజు తెల్లవారుజామున చెమటతో దుప్పటి తడిసిపోయి మెలకువ వచ్చింది. చెయ్యి నుదుటి మీద పెట్టుకుంటే చల్లగా ఉంది. ఆకలేసింది. పొద్దున అమ్మ తెచ్చిన రాగిజావ రెండు గ్లాసులు తాగాను.

ఇంటికొచ్చాక మూడు వారాలు మెట్లెక్కలేకపోయాను. మంచంలో పడుకుని, ఊరుకోలేక, ఆ పురుగు నాకంటించిన బాక్టీరియా జీనోమ్ పేపర్లు చదివాను. ఓరియెన్షియా సుత్సుగముషి. జపాన్ పేరు, అందులో ముషి అంటే పురుగు. జీనోమ్ అంతా కలిపి 20 లక్షల అక్షరాల చిల్లర, చెనక్కాయ ముందు చీమ. కానీ 2008లో జపాన్ వాళ్లు అచ్చేసిన లెక్క ప్రకారం అందులో సగానికి కాస్త తక్కువ ఒకే ముక్కలు మళ్లీ మళ్లీ రావడమే. బాక్టీరియాల్లో ఇంత రిపీట్లున్నవి అరుదు. ఆఫీసులో నా ప్రాణం తీసే సమస్యే అడవిలోనూ వచ్చి నడుముకు పట్టుకుందన్నమాట. అమ్మతో చెబితే "నీ చదువు తగలెయ్య, పడుకో" అంది.

"చిలకల కోసరం ఆడిదాకా పోవాల్నా? మన కరేపాక్కు వస్తాయి గదా" అని కూడా అంది. నిజమే. పెరట్లో కరివేపాకు చెట్టు మీద కామన్ మార్మన్ అనే సీతాకోకచిలక గుడ్లు పెడుతుంది. కుర్చీ వేసుకుని చూశాను. పిల్లపురుగు మొదట అచ్చం పిట్టరెట్టలా ఉంది, తర్వాత పచ్చబడింది. ఒక్కో ఆకూ అంచు నుంచి కొరుక్కుంటూ ఈనె మాత్రం వదిలేసేది. అమ్మ పోపుకు ఆకు కావాల్సొస్తే పురుగున్న కొమ్మ వదిలి పక్క కొమ్మలో తుంచుకునేది. నాతో మాత్రం ఏమీ అనలేదు.

ఆఫీసుకు పోగానే డిస్క్ ఖాళీ చేసి జాబ్ మళ్లీ వేశాను. శాంపిల్ ఫారం ఒకటి తయారుచేశాను, తేదీ, చేను రాయకపోతే తీసుకోను. నా వెనక గొణుక్కుంటున్నారని తెలుసు.

జనవరిలో ఒక శనివారం మళ్లీ డ్యామ్ వైపు పోయాను. ప్యాంటు సాక్సుల్లోకి దోపి, పురుగులు కుట్టకుండా ఒంటికి రాసుకునే మందు పూసుకుని, అమ్మ ఇచ్చిన ప్లాస్టిక్ స్టూలు స్కూటీకి కట్టుకుని. మేకలు కాసే ఆయన ఆగి మరీ చూశాడు. గ్రాస్ జ్యువెల్ వచ్చింది, ఎప్పటిలాగే నేలకు ఆనుకుని కూర్చుంది. స్టూలు మీంచి తీసిన నాలుగు ఫోటోలూ మసగ్గా వచ్చాయి.