తోకాపాల్ సంతలో చీమల చట్నీ

పోయిన ఏప్రిల్‌లో విశాఖ నుంచి కిరండూల్ ప్యాసింజర్ ఎక్కాను. అరకు దాకా బండి కిటకిటలాడింది, అక్కడ జనం దిగిపోయాక మాత్రం కాళ్ళు చాపుకుని కొండలు చూసుకుంటూ కొరాపుట్ మీదుగా వెళ్ళి సాయంత్రానికి ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్‌లో దిగాను. చాలామంది అక్కడికి చిత్రకోట్ జలపాతం చూడ్డానికి వెళ్తారు. నేను వెళ్ళింది చాప్డా కోసం, అంటే ఎర్ర చీమల చట్నీ కోసం.

దీనికి మొదలు మా తమ్ముడి ఫోన్. వాడు సింగపూర్‌లో ఉంటాడు. 2024 జులైలో అక్కడి ప్రభుత్వం 16 రకాల పురుగులను ఆహారంగా అనుమతించినప్పటి నుంచి వాడికి ఇదే ధ్యాస, ఒకరోజు "ఇంకో ఇరవై ఏళ్ళకు అన్నం బదులు ఇవే తింటామేమో అన్నా" అన్నాడు. ఆ మాట పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో తెచ్చిన నివేదికలో, కనీసం 200 కోట్ల మంది సంప్రదాయ తిండిలో పురుగులు ఉన్నాయని, తినే రకాలు 1,900కు పైనే అని ఉంది. అంతమంది తింటున్నప్పుడు వాళ్ళు వాటిని దేనితో తింటారు, ఎంత తింటారు, నిజంగా అన్నం బదులే తింటారా అన్నది కళ్ళారా చూడాలనిపించింది. మనకు దగ్గర్లో అలా తినే చోటు జగదల్‌పూర్ ఉన్న బస్తర్ ప్రాంతం.

జగదల్‌పూర్ నుంచి గీదం వెళ్ళే దారిలో తోకాపాల్ వస్తుంది. అక్కడి వారపు సంతకు స్థానిక మిత్రుడు ఒకాయన తీసుకెళ్ళాడు, అక్కడి హల్బీ భాష మాటలు నాకు తెలుగులోకి ఆయనే చెప్పాడు. ఇప్పపువ్వు రాశులు, ఎండుచేపలు, చింతపండు దాటుకుని వెళ్తే ఒక వరుసలో ఆడవాళ్ళు ఆకు దొప్పలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. దొప్పల్లో ఎర్ర చీమలు, వాటితో కలిసి తెల్లగా బియ్యపు గింజల్లాంటి గుడ్లు, పిల్ల పురుగులు. నూరిన చట్నీ పక్కన వేరేగా ఉంది, దొప్ప పది రూపాయలు.

ఇవి మన మామిడి చెట్ల మీద కూడా ఉండే చీమలే. పిల్ల పురుగులు వదిలే పట్టుదారంతో ఆకులను కలిపి కుట్టి గూడు కడతాయి, చెయ్యి పెడితే ఎలా కుడతాయో చెట్టెక్కిన ప్రతివాళ్ళకీ తెలుసు. ఆ వరుసలో నేను చట్నీ కొన్న ఒకామె వాటిని తెల్లవారకముందే తెస్తుందట, చలికి చీమలు మందకొడిగా ఉంటాయని. కొమ్మతో సహా గూడు నరికి కింద పరిచిన గుడ్డలో దులిపి, ఇంటికి తెచ్చి పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి, కొత్తిమీర, ఉప్పు వేసి రాతిమీద నూరుతుంది. చేతుల నిండా కాట్లు చూపించింది. పది రూపాయలకు అంత కష్టమా అని నాకు చాలా బాధేసింది, ఇంకో రెండు దొప్పలు కొన్నాను.

రుచి సంగతి. నాలుక మీద పెట్టగానే మొదట పులుపు తగులుతుంది, నిమ్మ పులుపు కాదు, చింత పులుపు కాదు, ముక్కులోకి ఎక్కే పదునైన పులుపు (చీమల్లో ఉండే ఫార్మిక్ ఆమ్లం వల్ల), దాని వెనకే మిర్చి మంట. చీమ అన్న ఊహ నోట్లో పెట్టేవరకే, ఆ తర్వాత అది బాగా నూరిన రోటి పచ్చడి, అంతే. వట్టిదే తింటుంటే ఆమె ఆపి, సొరబుర్రలోంచి మడియా పేజ్ పోసి ఇచ్చింది. మన రాగి అంబలే. అంబలి ఒక గుక్క, వేలితో కాస్త చట్నీ నాకడం, ఎండలో నడిచొచ్చిన అలసట తీరిపోయింది.

అప్పుడు అడిగాను, అన్నం బదులు ఇది తింటారా అని. ఆమె నవ్వేసింది. "అన్నం లేకుండా చట్నీ ఎవరు తింటారు?"

నేను అంతదూరం వెళ్ళింది ఈ ఒక్క మాట కోసమేనేమో అనిపించింది. అన్నం, అంబలి అక్కడే ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు. చీమలు వాటి పక్కన పచ్చడి చోట ఉన్నాయి. తిండి లేక తింటారని మనం అనుకుంటాం, అదీ తప్పే, కోరి కొంటున్నారు, మధ్యాహ్నం కాకముందే ఆమె దగ్గర దొప్పలు అయిపోయాయి, పక్కన టమాటాలు అలాగే ఉన్నాయి. ఒడిశాలోని మయూర్‌భంజ్ వాళ్ళ చీమల చట్నీకి 2024 జనవరిలో జీఐ గుర్తింపు (ఇది ఫలానా ప్రాంతానిదే అని చెప్పే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. రేపు పురుగుల పొడి అమ్మేవాళ్ళు దీన్ని కొత్తగా కనిపెట్టినట్టు చెప్తే నాకు కోపం వస్తుంది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. రొయ్యలు, పీతలు పడనివాళ్ళకు పురుగులు కూడా పడకపోవచ్చు, అలాంటివాళ్ళు సరదాకి కూడా ముట్టుకోవద్దు.

ఆ రాత్రి చిత్తూరులో ఉన్న మా అవ్వకు ఫోన్ చేసి చెప్పాను. అసహ్యించుకుంటుందేమో అనుకున్నా. "చీమలు పుల్లగా ఉంటాయంటనా? మా ఉసుళ్ళు కమ్మగా ఉంటాయి రా" అంది. ఉసుళ్ళంటే రెక్కల చెదపురుగులు. నా చిన్నప్పుడు తినేవాళ్ళమని నాకు గుర్తే లేదు. తొలకరి పడిన రాత్రి దీపం పెట్టి కింద బేసిన్‌లో నీళ్ళు ఉంచితే పుట్టల్లోంచి లేచిన ఉసుళ్ళు వచ్చి పడతాయట, వాటిని ఆరబెట్టి వేయించి, చేటలో చెరిగి రెక్కలు పోగొట్టి, బొరుగుల్లో కలిపి మా అందరికీ పెట్టేదట. వీధిలైట్లు వచ్చాక దీపం దగ్గరికి రావడం తగ్గిందని, ఇప్పుడు పట్టేవాళ్ళూ లేరని చెప్పింది.

"వాన పడ్డాక రా, పొలం దగ్గర దీపం పెడదాం" అంది. జూన్‌లో సెలవు పెట్టాను.