ఆమె వెళ్లలేని చోటికి ఆమె కుట్టిన తెర వెళ్లింది

నిర్గమకాండం 35వ అధ్యాయంలో అందరూ ప్రత్యక్ష గుడారాన్ని తీర్చిన శిల్పి బెసలేలు దగ్గర ఆగుతారు. నేను అంతకు కాస్త ముందే, 25వ వచనం దగ్గరే ఆగిపోతాను. వివేక హృదయం గల స్త్రీలు తమ చేతులతో వడికిన నూలు తెచ్చారని అక్కడుంది. అది చదివినప్పుడల్లా సెర్బియా సన్యాసిని యెఫిమియ గుర్తొస్తుంది.

కైసర్ బిరుదున్న వోయిహ్న కూతురు, ఉగ్లేష ప్రభువు భార్య. పసివాడైన కొడుకు పోయాడు. 1371లో మారిత్స నది దగ్గర ఒట్టోమన్లతో జరిగిన యుద్ధంలో భర్త పోయాడు. బిడ్డను గ్రీసులోని ఆథోస్ కొండ మీద హిలాందర్ మఠంలో, తాత పక్కన పెట్టారు. ఆ కొండ మీదికి ఆడవాళ్లను రానివ్వరు, ఈనాటికీ. కన్నతల్లి బిడ్డ సమాధి దగ్గర ఒక కొవ్వొత్తి వెలిగించడానికి కూడా లేదు.

1399లో ఆమె ఆ మఠానికి ఒక తెర పంపింది. ఆర్థడాక్స్ గుడిలో బలిపీఠం ముందుండే రాజద్వారానికి వేసే తెర అది. ఎర్ర పట్టు మీద బంగారు, వెండి జరీ. ప్రధాన యాజకుడి వస్త్రాల్లో క్రీస్తు, చెరో పక్కన సంఘ పితరులు బసిలి, క్రిసొస్తొమ్. ఇలాంటి పనిలో జరీని పట్టులోంచి దూర్చి లాగరు. పైన పరిచి, సన్న దారంతో కుట్టు పక్కన కుట్టు వేసి అదిమిపెడతారు. ఆ ఓపికతోనే ఆమె ప్రార్థన కూడా కుట్టింది: అపవిత్రమైన పెదవుల నుంచి, అసహ్యమైన హృదయం నుంచి ఈ మనవి స్వీకరించు, నా క్రీస్తూ.

ఇది రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ముందు చెప్పుకునే ప్రార్థన. పాత్ర బయటికి వచ్చేది ఆ ద్వారం నుంచే. తెర అంటే క్రీస్తు శరీరమే అని హెబ్రీ పత్రిక 10:20 చెబుతుంది. ఆ మాట ఎరిగిన తల్లి, తన బిడ్డ నిద్రపోతున్న చోట, ప్రభువు శరీరం ముందు తన పాపపు ఒప్పుకోలును వేలాడదీసింది. కాలు పెట్టలేని చోట ఆమె జరీ అక్షరాలై నిలబడింది. 1402లో సెర్బియా పాలకుడు లాజర్ అవశేషాల కోసం ఆమె కుట్టిన స్తుతినే లోకం ఎక్కువగా పొగుడుతుంది. నాకు మాత్రం ఈ తెర ముందే కళ్లు తడుస్తాయి.

మా అమ్మ ప్రభువు బల్లకు ఒక తెల్లగుడ్డ కుట్టి ఇచ్చింది. రెండు నెలలు, పొయ్యి ఆర్పాక రాత్రిళ్లు, ఒక్కో కుట్టుకు ఒక్కో పేరు తలుచుకుంటూ. మొన్న చర్చికి వెళితే బల్ల మీద ప్లాస్టిక్ లేసు పరిచి ఉంది. అమ్మ గుడ్డ సౌండ్ బాక్సు మీద కప్పారు. ఉతకడం కష్టమట! వెనక కొత్త ఫ్లెక్సీ, దాని మీద వక్తల ఫొటోలు. నాకు వాక్యం వినబడలేదు.

అక్కా, చెల్లీ, సూది పట్టడం వచ్చినవాళ్లు ఈ శుభ శుక్రవారానికి ముందు మీ సంఘం బల్లకు ఒక గుడ్డ కుట్టండి. చిన్నదైనా సరే. కుట్టేటప్పుడు ఫోన్ పక్కన పెట్టి, ఎవరి కోసం ఏడుస్తున్నారో వాళ్ల పేరు చెప్పుకోండి. పెద్దలారా, వాళ్లు తెచ్చినదాన్ని రెండు చేతులతో అందుకోండి.