శుభలేఖలు పారేయకండి, నాకిచ్చేయండి

మా బీరువా మీద ఒక పాత చీరల అట్టపెట్టె ఉంటుంది, దాన్నిండా శుభలేఖలే. అటు పలాస నుంచి ఇటు ఎస్.కోట దాకా చుట్టాలున్న ఇల్లు మాది, మాఘమాసం వచ్చిందంటే వారానికి మూడు నాలుగు కార్డులైనా వస్తాయి. మూలలకి పసుపు రాసి బొట్టు పెట్టి ఇచ్చినదాన్ని చెత్తబుట్టలో వేయడానికి చెయ్యి రాదు కదా, అలాగని దాచుకుంటే బొద్దింకలు కాపురం పెడతాయి.

ఇంటి అలంకరణకి ఇంతకంటే మంచి కాగితం లేదని నాకు తెలియడానికి ముందు ఒక గోడ పాడైంది. మాది విజయనగరం కాబట్టి దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ, ముందురోజు తోలేళ్లకే ఇల్లు చుట్టాలతో నిండిపోతుంది. రెండేళ్ల కిందట ఇల్లు కొంచెం ముస్తాబు చేద్దామని బజారుకెళ్లి గులాబీ, ఆకుపచ్చ క్రేప్ కాగితాలు తెచ్చి, కుచ్చులుగా కత్తిరించి వీధి గుమ్మానికి తోరణం కట్టాను. బ్రహ్మాండంగా ఉంది, తోలేళ్ల సాయంత్రం దాకా. గంటసేపు వాన పడింది, అంతే. క్రేప్ కాగితం తడిస్తే రంగు వదిలేస్తుంది, ఆ రంగంతా నెల కిందట వేయించిన తెల్ల గోడ మీద చారలు చారలుగా దిగింది. మా ఆయన ఏమీ అనలేదు, అనకపోవడమే నాకు టెన్షన్. మా అత్తగారు మాత్రం "ఏటమ్మా, గోడకి కూడా పారాణి పెట్టీసినావా?" అన్నారు.

అప్పట్నుంచి బయటకి మామిడాకులే. కాగితం పని ఇంట్లో మట్టుకే.

శుభలేఖతో ముందుగా చేయాల్సింది మూత పెట్టె. కార్డులోంచి 15 సెంటీమీటర్ల చదరం కత్తిరించండి, నాలుగు వైపులా 4 సెంటీమీటర్ల దగ్గర గీత గీయండి. ఇక్కడ తొందరపడి చేత్తో మడిచేస్తే బంగారు పూత పెచ్చులు లేచిపోతుంది, మందపాటి అట్ట పగిలి లోపలి తెలుపు కనిపిస్తుంది. ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను తీసుకుని, స్కేలు పెట్టి గీత మీద రెండుసార్లు గట్టిగా నొక్కి లాగండి, సన్నని గాడి పడుతుంది. గాడి పడ్డాక మడత దానంతట అదే వచ్చేస్తుంది. ఒక్కో మూల ఒక పక్క గాటు పెట్టి, ఆ ముక్కని లోపలికి అంటిస్తే 7 సెంటీమీటర్ల పెట్టె తయారు. మూతకి 12.3 సెంటీమీటర్ల చదరం, అంచులు రెండున్నర. ఆ మూడు మిల్లీమీటర్ల తేడా లేకపోతే మూత ఎక్కదు, నేను మొదట చేసిన మూడు పెట్టెలూ అలాగే మూతల్లేకుండా పిన్నీసులకి పోయాయి. పేరంటానికి వచ్చినవాళ్లకి ఈ పెట్టెల్లోనే కుంకుమ పొట్లం, వక్కలు పెట్టి ఇస్తున్నాను.

గొడవ ఎక్కడొచ్చిందంటే వినాయకుడి దగ్గర. ప్రతి కార్డు మీదా ఆయనుంటాడు. మొదటిరోజు నేను కత్తెర తీయగానే మా అత్తగారు "ఓలమ్మా, దేవుడి పీక మీద కత్తెర పెడతావేటి!" అని కార్డు లాగేసుకున్నారు. సరే, ఆయన చుట్టూ గుండ్రంగా కత్తిరించి పక్కన పెట్టి మిగతాదే వాడుతున్నాను, ఆ గుండ్రటి ముక్కలన్నీ ఆవిడ బిస్కెట్ డబ్బాలో దాస్తున్నారు.

పిల్లలున్న ఇంట్లో అయితే పాత పేపరు ముగ్గు చేయండి. పేపరుని చదరంగా కత్తిరించి, మూలకి మూల కలిపి మూడుసార్లు మడిస్తే ఎనిమిది పొరల త్రికోణం వస్తుంది, అంచుల్లో ఇష్టమొచ్చినట్టు గాట్లు పెట్టి విప్పడమే. మడతలు మొత్తం తెగిపోకుండా చూసుకోవాలి, లేకపోతే చేతిలో ముక్కలే మిగులుతాయి. వీడియోల్లో దీన్ని మంచు పువ్వు అంటున్నారు, విజయనగరంలో మంచెక్కడిది? మా అమ్మాయి విప్పి చూసి "అమ్మా, ముగ్గు!" అంది, మాకు అదే పేరు. ఎండ తగిలే కిటికీకి మాత్రం కట్టకండి, న్యూస్ పేపరు కొద్ది రోజుల్లోనే పసుపెక్కిపోతుంది.

ఇంకోటి విసనకర్ర చక్రం, గోడకి పెట్టుకునేది. ఏఫోర్ కాగితం ఒక్కటి మడతలు వేసి మధ్యలో కట్టి రెండు వైపులా విప్పమంటారు, అది ఎన్నటికీ గుండ్రంగా రాదు. లెక్క చూడండి, కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు, అదే చక్రం అడ్డుకొలత, అంటే చుట్టుకొలత 66 సెంటీమీటర్లు కావాలి, కాగితం పొడవు 29.7, రెండు వైపులూ కలిపినా 59.4. మడతలు లేకుండా సాగదీసినా చాలదు. రెండు కాగితాలు తీసుకుంటే కుచ్చులు బాగా నిలబడతాయి. గోడకి టేపు వద్దు, సున్నం పెచ్చు ఊడొస్తుంది. పూలు కట్టే దారంతో మేకుకి వేలాడదీయండి.

పేపరు గొట్టాల బుట్ట సంగతి అడక్కండి. పది నిమిషాల్లో అయిపోతుందన్నారు, మూడు సాయంత్రాలు పట్టింది, చివరికి ఉల్లిపాయల బరువు కూడా మోయలేదు.

మొన్న దసరాకి మా అత్తగారే బిస్కెట్ డబ్బా దించి, 27 వినాయకుల్నీ ఎర్రదారానికి గుచ్చి దేవుడి గదికి తోరణం కట్టారు. నాకు సూది కూడా ఇవ్వలేదు. ఈమధ్య చీపురుపల్లి నుంచి పెళ్లి పిలుపుకి వచ్చినవాళ్లు కార్డు చేతికిస్తే, ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, ముహూర్తం ఎప్పుడని కూడా అడగకుండా "ఇలాంటిది ఇంకోటుంటే ఇవ్వండమ్మా, వినాయకుడు బాగున్నాడు" అన్నారు.