ముందు మీరు చెప్పండి

మన పదో తరగతి గదిలో బ్లాక్‌బోర్డుకి కుడిపక్క మూల జానెడు చోటుని డస్టర్ ముట్టుకునేది కాదు. 1984-85 బ్యాచ్‌లో ఎవరినడిగినా చెబుతారు. సైన్సు మాష్టారు ప్రయోగం మొదలుపెట్టే ముందు "ఏమవుతుందో ముందు మీరు చెప్పండి, తర్వాత చూద్దాం" అనేవారు. ఎంతమంది ఏమన్నారో ఆ మూల రాసేవారు. పాఠం పూర్తయ్యేదాకా మన తప్పు మన కళ్లముందే ఉండేది.

బల్బుల రోజు గుర్తుందా? చెక్క మీద రెండు హోల్డర్లు. ఒకదానిలో 40 వాట్ల బల్బు, రెండోదానిలో 100 వాట్లది. శ్రేణిలో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపి, స్విచ్ మీద వేలు పెట్టి, ఏది బాగా వెలుగుతుందని అడిగారు. క్లాసంతా వందే అంది. వెనక బెంచీ అమ్మాయి ఒక్కతే నలభై అంది. స్విచ్ వేశారు. 40 పసుపుపచ్చగా వెలిగింది. 100లో తీగ అగరొత్తి కొసలా ఎర్రబడి ఊరుకుంది.

ఎవరూ నోరు మెదపలేదు. 100 వాట్లు అన్నది పూర్తి 230 వోల్టులూ ఆ ఒక్క బల్బుకే అందినప్పటి మాట అని మాష్టారు చెప్పారు. వోల్టేజిని వర్గం చేసి వాట్లతో భాగించమన్నారు. నిరోధం 40 వాట్ల బల్బుకి సుమారు 1320 ఓములు, 100 వాట్ల దానికి 530 వచ్చాయి. శ్రేణిలో రెండిటిలోనూ ఒకే కరెంటు పారుతుంది, అందుకే నిరోధం ఎక్కువున్నదే ఎక్కువ వేడెక్కింది. ఇళ్లలో వైరింగ్ సమాంతరంగా ఉంటుంది, ప్రతి బల్బుకీ పూర్తి వోల్టేజి అందుతుంది కాబట్టి ఈ సంగతి మన కంటపడదు. ఇంజనీరింగ్‌లో ఎన్ని సర్క్యూట్లు గీసినా, నాకు ఓమ్ నియమం అంటే ఇప్పటికీ ఆ ఎర్రటి తీగే.

కేంద్రక శక్తి పాఠానికి గోళీలు తెచ్చారు. యురేనియం-235ని చీల్చడానికి న్యూట్రాన్ వేగంగా రావాలా, నెమ్మదిగానా? అందరం వేగంగానే అన్నాం. తప్పు. నెమ్మదిగా వచ్చేదే బాగా పనిచేస్తుంది. మరి వేగం తగ్గించడమెలా? మాష్టారు గోళీని గోడకేసి కొట్టారు, అంతే జోరుగా వెనక్కొచ్చింది. ఇంకో గోళీకి ఎదురుగా కొట్టారు. కొట్టింది ఆగిపోయింది, కొట్టించుకున్నది పరుగెత్తింది. తనంత బరువున్నదాన్ని గుద్దితేనే వేగం పోతుంది. ఆ లెక్కన మామూలు నీళ్లలోని హైడ్రోజనే మేలు, కానీ అది న్యూట్రాన్లను మింగేస్తుంది. సహజ యురేనియంలో 235 రకం 0.7 శాతమే, ఒక్క న్యూట్రాన్‌నీ వృథా చేసుకోలేం. అందుకే భారజలం: అందులోని హైడ్రోజన్ రెండింతల బరువు, కానీ న్యూట్రాన్లను దాదాపు మింగదు. మన మద్రాసుకి దక్షిణాన కల్పాక్కంలో 1983 జులైలో మొదలైన రియాక్టర్‌లో జరిగేది ఇదేనని ఆయన అన్నప్పుడు, పేపర్లో చదివిన పేరు మా బల్ల మీదికి వచ్చినట్టయింది.

తరంగాల పాఠానికి మెరీనా బీచ్‌కి తీసుకెళ్లారు. అలలు విరిగే చోటు దాటి ఒక కొబ్బరిబోండాం డిప్ప తేలుతోంది. అల ఒడ్డుకి వస్తోంది, డిప్ప మాత్రం లేచి దిగి అక్కడే ఉంది. వచ్చేది శక్తి, నీళ్లు కాదు.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. కల్పాక్కంలో పంపు హౌస్‌లోకి సముద్రపు నీరు వస్తే, నడుస్తున్న రియాక్టర్‌ని క్షేమంగా ఆపారు. పక్కన ఊళ్లలో మాత్రం మనుషులు పోయారు. ఆ రాత్రి మాష్టారికి ఫోన్ చేశాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "లోతు తగ్గేకొద్దీ అల వేగం తగ్గుతుంది, ఎత్తు పెరుగుతుంది. మెరీనాలో ఆ ప్రశ్న మిమ్మల్ని అడగలేదురా" అన్నారు. ఆయన గొంతు వణకడం నేను విన్నది ఆ ఒక్కసారే.

ఎల్‌ఈడీలొచ్చాక తీగ బల్బులు దొరకడం లేదు. ప్యారీస్ కార్నర్ సందుల్లో రెండు గంటలు తిరిగి ఒక 40, ఒక 100 సంపాదించాను. రీయూనియన్‌కి పట్టుకొస్తున్నాను. పిల్లల్ని తీసుకురండి. వాళ్లకి ముందే చెప్పెయ్యకండి.