30 ఆంపుల బండిలో రైస్ కుక్కర్

పోయిన జూలైలో అద్దె ఆర్‌వీలో (లోపలే వంట, పడక ఉండే బండి) అమెరికాలోని గ్రాండ్ కేన్యన్ వెళ్ళాం. ఏసీ నడుస్తోంది, అత్తయ్య రైస్ కుక్కర్ పెట్టారు, నేను పప్పు వేడి చేద్దామని మైక్రోవేవ్ నొక్కాను. కాసేపటికే అన్నీ ఆగిపోయాయి. చంటిదానితో ఆ ఎండలో ఎంత టెన్షన్ పడ్డానో!

బండిని క్యాంప్‌గ్రౌండ్ కరెంటుకి తగిలించేది మూడు పిన్నుల 30 ఆంపుల ప్లగ్, 120 వోల్టులు. అంటే మొత్తం 3,600 వాట్లే. ఏసీకి దాదాపు 13 ఆంపులు, మైక్రోవేవ్‌కి ఇంకో 13, కుక్కర్‌కి 6. వాటర్ హీటర్ కూడా కరెంటు మీదే ఉందని తర్వాత చూశాను, దానికి 12. బ్రేకర్ ట్రిప్ అవదా మరి!

"పక్కన 50 ఆంపుల సాకెట్ ఉందిగా అమ్మా, అందులో పెట్టకూడదా?" అన్నారు అత్తయ్య. అడాప్టర్‌తో పెట్టొచ్చు, కానీ బండి లోపలి మెయిన్ బ్రేకర్ 30దే కాబట్టి అంతకు మించి రాదు. అలాగని పెద్ద బ్రేకర్ అస్సలు వేయించకండి. వైరు కాలుతున్నా అది ట్రిప్ అవదు.

ఇంటి దగ్గర ఈ 30 ఆంపుల సాకెట్ పెట్టించుకునేవాళ్ళు ఇంకా జాగ్రత్త. చూడటానికి బట్టలు ఆరబెట్టే డ్రయర్‌కి వాడే 240 వోల్టుల సాకెట్‌లా ఉంటుంది. పొరపాటున 240 వోల్టులు ఇస్తే సామాను కాలిపోతుంది.

ఆ రోజు హీటర్ గ్యాస్ మీదకి మార్చి, ముందు అన్నం వండుకుని, తర్వాతే పప్పు వేడి చేశాం.