పాత క్యుబెక్‌లో చూడాల్సినవి, చూసి కొనాల్సినవి

కెనడాలోని క్యుబెక్ సిటీలో పై ఊరి నుంచి కింది ఊరికి నేను 'కాస్ కూ' మెట్ల మీదుగానే దిగుతాను. మొత్తం 59. పేరుకు అర్థం 'మెడ విరిచేవి' అని, వాన పడ్డ రోజు జారని బూట్లు తప్పనిసరి. సంచులు నిండాక పైకి రావడానికి 1879 నుంచి నడుస్తున్న ఫ్యునిక్యులర్ (ఏటవాలు పట్టాల మీద తాడు లాగే బండి) ఉంది.

దిగగానే పెటి షాంప్లేన్ వీధి. క్రూయిజ్ ఓడ వచ్చిన రోజు పదకొండు దాటితే అడుగు పెట్టే సందుండదు. తొమ్మిదికే వెళ్లి, దుకాణాలు తెరిచేలోపు ప్లాస్ రోయాల్ కూడలి చూసేయండి. 1608లో ఫ్రెంచ్ అన్వేషకుడు షాంప్లేన్ స్థావరం వేసింది ఇక్కడే. అదే జాగాలో ఉన్న చర్చిలో పైకప్పు నుంచి ఓడ నమూనా వేలాడుతుంటుంది, తలెత్తకపోతే కనబడదు. ఆ దగ్గర్లోనే 420 చదరపు మీటర్ల కుడ్యచిత్రం. కిటికీలు, మెట్లు, మనుషులు అన్నీ రంగులే, దగ్గరికెళ్లేదాకా నమ్మబుద్ధి కాదు.

ఏ దుకాణంలోనైనా ముందు 'బోంజూర్' (ఫ్రెంచ్‌లో నమస్కారం) అనండి, ధర తర్వాత అడగొచ్చు.

ఇక మేపుల్ సిరప్. మేపుల్ చెట్టు నుంచి కారే నీరు సుమారు 40 లీటర్లు మరగబెడితే లీటరు దిగుతుంది, ఖరీదు అందుకే. ఆకు ఆకారపు చిన్న సీసాల్లో డబ్బంతా గాజుకే పోతుంది. సూపర్ మార్కెట్లో 'సిరో దెరాబ్ల్' అని రాసిన 540 మిల్లీలీటర్ల టిన్ను తీసుకోండి. గోల్డెన్ రకం సున్నితంగా ఉంటుంది. దోసెల్లోకి నేనైతే డార్క్ అంటాను, బెల్లప్పాకం రుచికి అదే దగ్గర. టిన్ను ముప్పావు కిలో దాకా తూగుతుంది, చేతిసంచిలో రానివ్వరు, చెక్ ఇన్ పెట్టెలోనే సర్దాలి. తెరిచాక గాజు సీసాలోకి ఒంపి ఫ్రిజ్‌లో పెట్టకపోతే బూజు పడుతుంది.

ఇనుయిట్ (ఉత్తరాది మంచు ప్రాంతాల ఆదివాసులు) రాతి శిల్పం కొనేటప్పుడు తొందరపడొద్దు. చేతిలోకి తీసుకోండి. రాయి చల్లగా, బరువుగా ఉంటుంది. తేలిగ్గా ఉండి, పక్కన సన్నటి అతుకు గీత కనిపిస్తే అది అచ్చుపోసిన రెసిన్, అంటే ప్లాస్టిక్ లాంటిది. 1958 నుంచి అసలువాటికి ఇస్తున్న ఇగ్లూ గుర్తు చీటీ ఉందా అని అడగండి. పై ఊరి త్రెజోర్ సందులో చిత్రాలకూ ఇలాంటి పరీక్షే. కింది అంచున పెన్సిల్‌తో 12/100 లాంటి అంకె, సంతకం ఉంటే పరిమిత ప్రతి. సంతకం కూడా అచ్చులోనే ఉంటే మామూలు నకలు.

ధర చీటీలో పన్ను కలవదు. కేంద్రానిది 5, రాష్ట్రానిది 9.975, వెరసి దాదాపు 15 శాతం బిల్లు దగ్గర పడుతుంది. సిరప్‌కు లేదు, మేపుల్ మిఠాయిలకు ఉంది. పర్యాటకులకు పన్ను వాపసు 2007లోనే ఎత్తేశారు, విమానాశ్రయంలో కౌంటర్ వెతకొద్దు. అమెరికా నుంచి వచ్చే మనవాళ్లు సీల్ అనే సముద్ర జంతువు తోలుతో చేసిన గ్లవ్స్, చెప్పులు ఎంత నచ్చినా కొనకండి, ఆ దేశంలోకి వాటిని తీసుకెళ్లడం నిషేధం.