కంప్యూటర్ టైమ్ తప్పితే, ఎంత తప్పిందో ముందు చూడండి

కంప్యూటర్ టైమ్ తప్పు చూపిస్తోందంటే చాలామంది నేరుగా మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ మార్చేస్తారు. దానికంటే ముందు ఎంత తప్పిందో చూడాలి. ఏళ్ల కొద్దీ వెనక్కి పోయిందా, సరిగ్గా కొన్ని గంటలే తేడా ఉందా, లేక నెలకో అర నిమిషం జారుతోందా? ఈ మూడింటికీ కారణాలు వేరు.

కంప్యూటర్ ఆపేశాక కూడా నడిచేది రియల్ టైమ్ క్లాక్, క్లుప్తంగా ఆర్‌టీసీ. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీలో అది మోటరోలా ఎంసీ146818 అనే విడి చిప్. ఇప్పుడు చాలా పీసీల్లో మదర్‌బోర్డు ప్రధాన చిప్ అయిన చిప్‌సెట్‌లోనే కలిసిపోయింది. దాని క్వార్ట్జ్ క్రిస్టల్ సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను వరసగా 15 సార్లు సగం చేస్తే మిగిలేది సెకనుకు ఒకే ఒక్క పల్స్. ఇంత సులువైన పని కాబట్టే కొద్ది మైక్రోయాంపుల కరెంటు చాలు. సీఆర్2032 బిళ్ల బ్యాటరీ సామర్థ్యం సుమారు 220 మిల్లీయాంప్ అవర్లు. 3 మైక్రోయాంపులు లాగుతుందనుకుంటే లెక్క ప్రకారం ఎనిమిదేళ్లు దాటుతుంది.

ప్లగ్ పెట్టి ఉన్నంతసేపూ డెస్క్‌టాప్ ఆర్‌టీసీకి స్టాండ్‌బై కరెంటు అందుతూనే ఉంటుంది. అందుకే బ్యాటరీ ఎప్పుడో అయిపోయినా తెలియదు. ప్లగ్ పీకిన రోజు తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, దాంతో వెబ్‌సైట్లు తమ గుర్తింపు పత్రం లాంటి సర్టిఫికెట్ ఆ తేదీకి చెల్లదంటూ తెరుచుకోవు. ఇలా జరిగితే మాత్రం అనుమానం బ్యాటరీ మీదే.

మార్చేముందు బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) సెట్టింగులు ఫోటో తీసుకోండి, బ్యాటరీ తీస్తే అవి చెరిగిపోవచ్చు. ముఖ్యంగా స్టోరేజ్ మోడ్ (డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐలో ఉందా రెయిడ్‌లో ఉందా చూడండి, అది మారిపోతే విండోస్ బూట్ కాకపోవచ్చు. డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ వాడుతుంటే రికవరీ కీ దగ్గర పెట్టుకోండి. తర్వాత ప్లగ్ తీసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కిపట్టి, బ్యాటరీని మల్టీమీటర్‌తో చూడండి. కొత్తదైతే 3 వోల్టులు దాటుతుంది, 2.7కి దిగిందంటే మార్చాల్సిందే. ప్లస్ గుర్తు సాధారణంగా పైకి ఉంటుంది. సీఆర్2025 కూడా అంతే వెడల్పు, 3 వోల్టులే, కానీ మందం 3.2 మిల్లీమీటర్లకు బదులు 2.5. హోల్డర్‌లో వదులుగా కూర్చుని కాంటాక్ట్ తెగుతూ ఉంటుంది, దాన్ని వాడకండి.

తేడా సరిగ్గా మీ టైమ్ జోన్‌కీ యూటీసీకీ (ప్రపంచ ప్రామాణిక సమయం) మధ్య ఉన్నంతే ఉంటే, హార్డ్‌వేర్ జోలికి పోనక్కర్లేదు. ఒకే మెషీన్‌లో విండోస్, లైనక్స్ రెండూ ఉంటే ఇది మామూలే. విండోస్ ఆర్‌టీసీలో స్థానిక సమయం ఉందనుకుంటుంది, లైనక్స్ సాధారణంగా యూటీసీ ఉందనుకుంటుంది. రెండూ ఒకే పద్ధతి పాటించేలా సెట్ చేయండి. యూటీసీయే మేలు, డేలైట్ సేవింగ్ మార్పుల గొడవ ఉండదు.

ఇక నెమ్మదిగా జారడం. ఇది క్రిస్టల్ స్వభావం. మామూలు క్రిస్టల్‌లో పది లక్షలకు 20 వంతుల తేడా సహజం, అంటే రోజుకు 1.7 సెకన్లు, నెలకు దాదాపు 52. ఇది ముందుకైనా కావచ్చు, వెనక్కైనా కావచ్చు. వేడి మాత్రం వెనక్కే లాగుతుంది. 25 డిగ్రీల నుంచి ఎటు జరిగినా వేగం తగ్గుతుంది, అదీ డిగ్రీల తేడా వర్గానికి (స్క్వేర్‌కి) తగ్గట్టు. 45 డిగ్రీల దగ్గర దీనివల్లే రోజుకు సెకనుకు పైగా పోతుంది. నెట్ ఉన్నప్పుడు ఎన్‌టీపీ (టైమ్ సర్వర్ల నుంచి సమయం తెచ్చుకునే పద్ధతి) సరిదిద్దేస్తుంది కాబట్టి ఇదంతా కనపడదు. సింక్ అయి ఉంటే లైనక్స్ కెర్నల్ సుమారు 11 నిమిషాలకోసారి సరైన సమయాన్ని ఆర్‌టీసీలోకి కూడా రాయగలదు.

నెట్ లేని చోట మెషీన్ పెట్టాల్సివస్తే డీఎస్3231 లాంటి విడి ఆర్‌టీసీ చిప్ వాడండి. ఉష్ణోగ్రతను తనే కొలిచి సవరించుకుంటుంది. 0 నుంచి 40 డిగ్రీల మధ్య పది లక్షలకు 2 వంతులే తేడా, ఏడాదికి నిమిషం. చిన్న కంప్యూటర్ బోర్డు రాస్ప్‌బెర్రీ పై 4లో, అంతకుముందు మోడళ్లలో అసలు ఆర్‌టీసీయే లేదు కాబట్టి వాటికి ఇది తప్పనిసరి. ఒక్క జాగ్రత్త: చవకగా దొరికే కొన్ని డీఎస్3231 మాడ్యూళ్లలో డయోడ్, రెసిస్టర్‌లతో ఛార్జింగ్ దారి ఉంటుంది. అది రీఛార్జబుల్ ఎల్‌ఐఆర్2032 కోసం పెట్టింది. అందులో మామూలు సీఆర్2032 వేసి 5 వోల్టులు ఇస్తే బ్యాటరీ ఉబ్బి లీకవ్వచ్చు. ముందే ఆ రెసిస్టర్‌ను ఊడదీసేయండి.